మెట్టనేల నుంచి మన్నార్ తీరానికి: చవక ప్రయాణం తీరుతెన్నులు

కోవిల్పట్టి, విరుదునగర్ రెండూ మెట్ట ఊళ్లు. చుట్టూ నల్లరేగడి, తమిళులు దాన్ని కరిసల్ అంటారు. పత్తి, మిరప, సజ్జ, జొన్న, వాటి మధ్య అగ్గిపెట్టెల షెడ్లు, నూలు మిల్లులు. ఎటు చూసినా ఉప్పుగాలి జాడ ఉండదు. అయినా కోవిల్పట్టి ఉన్నది తీర జిల్లాలోనే. అక్కడినుంచి తూర్పుగా ఎట్టయపురం మీదుగా సుమారు అరవై కిలోమీటర్లు పోతే తూత్తుకుడి, ఆ ఊరి అంచున మన్నార్ సింధుశాఖ. విరుదునగర్ జిల్లాకైతే తీరమే లేదు. కాని విరుదునగర్ రైల్వే జంక్షన్. దక్షిణం వైపు పట్టాలు వాంచి మణియాచ్చి దగ్గర చీలి ఒకటి తూత్తుకుడికి, ఒకటి తిరునెల్వేలి మీదుగా తిరుచెందూరుకూ కన్యాకుమారికీ చేరుస్తాయి. తూర్పు వైపు పట్టాలు అరుప్పుక్కోట్టై మీదుగా మానామదురైలో రామేశ్వరం దారిని కలుస్తాయి. సముద్రం కనపడని ఊళ్లో నిలబడి నాలుగు సముద్రతీరాలకు టికెట్టు తీసుకోవచ్చు.

భుజాన సంచీ, చేతిలో కొద్దిపాటి డబ్బు, తీరం వెంట ఊరికో రెండు రాత్రులు, వీలైతే ఒకటి రెండు ద్వీపాలు: ఈ తరహా ప్రయాణానికి ప్రపంచంలో పేరుపడ్డ చోటు మధ్యధరా సముద్రం. గ్రీసు, ఇటలీ, క్రొయేషియా, స్పెయిన్ తీరాల్లో 1960ల నుంచి అదొక అలవాటుగా స్థిరపడింది. క్రీట్ ద్వీపంలో మాటల అనే పల్లె గుహల్లో ఆ రోజుల్లో దేశదేశాల కుర్రకారు కాపురమే పెట్టారు. మన్నార్ తీరంలో ఆ పేరుతో ప్రయాణం లేదు. ఇక్కడ మొక్కు ఉంది, తిరునాళ్లు ఉన్నాయి, ఎండాకాలం సెలవులున్నాయి. పేరు వేరైనా పని అదే. చవగ్గా తిరగడం, దొరికిన చోట పడుకోవడం, దొరికింది తినడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆ మాటకొస్తే మధ్యధరా కుర్రకారుకన్నా పాతది.

ఈ ఊళ్లలో తెలుగువాళ్లు ఉండటమే ఒక ప్రయాణం ఫలితం. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు, రాజపాళయం రాజులు తరాల కిందట ఉత్తరం నుంచి నడిచి వచ్చి కరిసల్ నేలలో ఊళ్లు కట్టుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాతకోతలు తమిళంలో. కోవిల్పట్టి పక్కన ఇడైచేవల్లో పుట్టిన కి. రాజనారాయణన్ అలాంటి తెలుగింటి మనిషే. ఆ వలస కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు. దాని తరవాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పదిమంది కలిసి మూటాముల్లె నెత్తిన పెట్టుకుని నదులు దాటుతూ దక్షిణానికి నడిచినవాళ్ల మనవళ్లు ఇవాళ తిరుచెందూరుకు నడుస్తారు.

ఆ నడక ఈ ప్రాంతంలో తీరయాత్రకు అసలు రూపం. ధనుర్మాసం మొదలు తైపూసం వరకు రాజపాళయం, శివకాశి, విరుదునగర్, సాత్తూరు, కోవిల్పట్టి వైపు నుంచి జనం ఆకుపచ్చ బట్టలో, కాషాయమో కట్టుకుని తిరుచెందూరు మురుగన్ గుడికి కాలినడకన బయలుదేరతారు. కొన్ని జట్లు కావడి మోస్తాయి, కొన్ని జట్లకు ముందు బొమ్మ పెట్టిన బండి నడుస్తుంది. పగటి ఎండ తప్పించుకోవడానికి తెల్లవారుజామున, చల్లబడ్డాక నడక. మధ్యలో చెట్టు కిందో, కల్యాణ మండపంలోనో నిద్ర. దారిపొడవునా ఊళ్లవాళ్లు మజ్జిగ, పులిహోర, ఇడ్లీ పెడతారు. ఖర్చు లెక్క వేస్తే ప్రపంచంలో ఏ తీరయాత్రా దీనికి సాటి రాదు. కాకపోతే ఇది జట్టు ప్రయాణం. ఒంటరిగా, మొక్కు లేకుండా, కేవలం సముద్రం చూద్దామని నడిచేవాడికి ఆ మజ్జిగ దక్కుతుంది గాని ఆ చనువు దక్కదు.

నడక తరవాతి అంకం ఓడ. రైలు వచ్చాక తూత్తుకుడి దక్షిణ భారతానికి కొలంబో రేవు అయింది. మద్రాసు నుంచి బండి ఎక్కిన ప్రయాణికుడు విరుదునగర్, కోవిల్పట్టి దాటి తూత్తుకుడిలో దిగి స్టీమరెక్కేవాడు. ఆ దారి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుప్పిట్లో ఉండేది. ఎట్టయపురానికీ తూత్తుకుడికీ నడుమ ఉన్న ఒట్టపిడారంలో పుట్టిన వకీలు వి.ఓ. చిదంబరం పిళ్లై 1906 అక్టోబరులో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని రిజిస్టరు చేయించి, మరుసటి ఏడాది గాలియా, లావో అనే రెండు ఓడలు తెప్పించారు. ఆ తరవాత జరిగింది చవక ప్రయాణాల చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం. తెల్లవాళ్ల కంపెనీ కొలంబో టికెట్టును రూపాయికి దించింది. స్వదేశీ కంపెనీ అర్ధరూపాయికి దించింది. ఆపైన బ్రిటిష్ కంపెనీ ఊరికే ఎక్కించుకుని గొడుగు కూడా చేతికిచ్చిందని చెబుతారు. గొడుగు మాట ఎంత నిజమైనా, కూలివాడు సముద్రం దాటగలిగిన ధర ఆ రెండు మూడేళ్లే నిలిచింది. 1908లో చిదంబరం పిళ్లైను జైల్లో పెట్టారు, 1911లో కంపెనీ మూతపడింది. విడుదలై వచ్చాక ఆయన మళ్లీ వకీలుగా బోర్డు కట్టింది 1920లలో కోవిల్పట్టిలోనే, అంటే సముద్రానికి దూరంగా. ఇవాళ బండి మారే వాంచి మణియాచ్చి స్టేషను పేరు కూడా ఆ కథ కొసే: 1911 జూన్ 17న అక్కడే వాంచినాథన్ కలెక్టర్ ఆష్‌ను కాల్చాడు. స్వదేశీ ఓడల కంపెనీని అణచడంలో చేయి ఉన్నవాడని ఆష్ మీద కసి.

కొలంబో దారి ఆ తరవాత రామేశ్వరం వైపు మళ్లింది. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన తెరిచారు. బండి ధనుష్కోటి దాకా పోయేది, అక్కడ స్టీమరెక్కి తలైమన్నార్‌లో దిగితే మళ్లీ బండి. ఆ బండికి బోట్ మెయిల్ అన్న పేరు అందుకే వచ్చింది. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ధనుష్కోటిని, దాని స్టేషనును, వందమందికి పైగా ప్రయాణికులున్న పాసింజర్ బండిని మింగేసింది. ఊరు మళ్లీ లేవలేదు.

ఇప్పటి సంగతికి వస్తే, ఈ రెండు ఊళ్ల నుంచి చవక తీరయాత్ర మూడు దారుల్లో సాగుతుంది. దగ్గరిది తూత్తుకుడి దారి. కోవిల్పట్టి నుంచి బస్సెక్కితే పదిహేను కిలోమీటర్లకు ఎట్టయపురం. సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు, ముత్తుస్వామి దీక్షితర్ సమాధి ఉన్న ఊరు. సుబ్బరామ దీక్షితర్ తెలుగులో రాసిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో అచ్చయింది ఇక్కడే. సముద్రం కోసం బయలుదేరిన తెలుగువాడు ఇక్కడ ఒక పూట దిగకుండా పోతే నష్టం అతనిదే. అక్కడినుంచి ముందుకు పోతే ఒట్టపిడారం, దాని పక్కన కట్టబొమ్మన్ పాంచాలంకురిచ్చి, ఆపైన ఉప్పు మళ్లు, ఆపైన రేవు. తూత్తుకుడిలో స్నానాల బీచి ఆశించకూడదు. అది పనిచేసే రేవు; ఉప్పు, చేపలు, శంఖాలు దాని బతుకు. ఒకప్పుడు పేరుమోసిన ముత్యాల వేట 1961 తరవాత సాగలేదు. 1713 నాటి మంచుమాత చర్చి, సాయంత్రం రోచ్ పార్కు గాలి, తెల్లవారుజామున చేపల రేవు: ఒక రోజుకు ఇవి చాలు.

రెండోది తిరుచెందూరు దారి, అన్నిటికన్నా రుచి ఉన్న దారి. తూత్తుకుడి నుంచి నలభై కిలోమీటర్లు. నడుమ కాయల్పట్టణం ఉంది; పదమూడో శతాబ్దం చివర మార్కోపోలో కాయిల్ అని రాసిన రేవు ఈ చుట్టుపక్కలదే, కాయల్పట్టణం ఇవాళ సన్నని సందులున్న ముస్లింల పట్టణం. పాండ్యుల ముత్యాల రేవు కొర్కై కూడా ఈ దారికి పక్కనే, కాని నది ఒండ్రు వేసి వేసి దాన్ని సముద్రానికి దూరం చేసింది. ఇప్పుడది అరటితోటల మధ్య పల్లె. తిరుచెందూరులో గుడి గోడకే అల తగులుతుంది. సముద్రంలో మునిగి, పక్కనే మంచినీరు ఊరే నాళిక్కిణరు బావి నీళ్లు పోసుకుని దర్శనానికి పోవడం ఆచారం. మగవాళ్లు లోపలికి చొక్కా విప్పి వెళ్లాలి. అక్కడినుంచి దక్షిణంగా కులశేఖరపట్టణం. దసరా పదిరోజులూ ముత్తారమ్మకు మొక్కుకున్నవాళ్లు కాళి, రాజు, బిచ్చగాడు, పోలీసు వేషాలు కట్టి ఊరూరా బిచ్చమెత్తి హుండీలో వేస్తారు. అదే ఊరి పక్కన ఇస్రో రెండో రాకెట్ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. ఇంకొంచెం పోతే మణప్పాడు.

మణప్పాడు దగ్గర కాసేపు ఆగాలి. ఇసుకదిబ్బ మీద చర్చి, దిబ్బ కింద ఒక పక్క ఎగిసే అల, ఇంకో పక్క వాగు మొగలో నిశ్చలంగా నీళ్లు, మధ్యలో పరవర్ల, అంటే ఇక్కడి జాలర్ల, వీధుల్లో అరుగులు, స్తంభాలు ఉన్న పాత మేడలు. 1540 ప్రాంతంలో తుపానుకు విరిగిన ఒక పోర్చుగీసు ఓడ కొయ్యతో ఇక్కడ శిలువ నిలిపారని, 1542లో ఫ్రాన్సిస్ జేవియర్ వచ్చి దిబ్బ కింది గుహలో ఉన్నాడని ఊరివాళ్లు చెబుతారు. సెప్టెంబరు 14న శిలువ పండగ. గ్రీకు ద్వీపాల పటాలు చూసి ఉబలాటపడేవాళ్లు కోరుకునేదంతా ఇక్కడ ఉంది: తెల్లని గుడి, మెలిక తిరిగిన తీరం, మధ్యాహ్నపు నిద్రలో ఊరు. లేనిదల్లా బస. పొద్దున వచ్చి సాయంత్రానికి తిరుచెందూరు చేరుకోవడమే జరిగేది. ఇంకా దక్షిణంగా ఉవరిలో అంతోనియార్ చర్చి, స్వయంభులింగస్వామి గుడి పక్కపక్క ఊరేగింపులు చూస్తాయి. తీరం రోడ్డు చివర కన్యాకుమారి.

మూడోది రామేశ్వరం దారి. విరుదునగర్ నుంచి మానామదురై మీదుగా మీటరుగేజి తీసి వేసిన బ్రాడ్‌గేజి లైను 2013లో మొదలయ్యాక ఈ దారి మదురై చుట్టు తప్పించింది, బళ్లు మాత్రం తక్కువే. పాత పాంబన్ వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆగిపోయి, రెండేళ్లకు పైగా యాత్రికులు మండపం స్టేషనులో దిగి బస్సెక్కారు. నిటారుగా పైకి లేచే కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న మొదలైంది. రామేశ్వరం గురించి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ధనుష్కోటి మాత్రం ఈ తరానికే అందింది: 2017లో అరిచల్మునై కొన దాకా రోడ్డు పడకముందు ఇసుకలో వ్యానుల్లో పోవాల్సి వచ్చేది, ఇప్పుడు బస్సు పోతుంది. అక్కడివాళ్లు పాక్ జలసంధి వైపు నీటిని ఆడసముద్రం అంటారు, మన్నార్ వైపు నీటిని మగసముద్రం. కొన మీద నిలబడితే ఆ మాట ఎందుకొచ్చిందో ఒక్క చూపుకే తెలుస్తుంది.

ఈ దారుల్లో చవకదనం ముఖ్యంగా మూడు చోట్ల దొరుకుతుంది: బండిలో, పడకలో, ఆకులో.

బండి సంగతి. కోవిడ్ తరవాత పాసింజర్ బళ్లకు ఎక్స్‌ప్రెస్ పేరు తగిలించి కనీస టికెట్టు 30 రూపాయలు చేశారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి దించారు. కోవిల్పట్టి, విరుదునగర్ మధ్య సుమారు యాభై కిలోమీటర్ల దూరం, సాత్తూరు నడుమ స్టేషను. ఇలాంటి ముక్కలకు పాసింజర్ బండికి మించిన చవక లేదు. చెన్నై నుంచి తూత్తుకుడి, తిరుచెందూరు, కన్యాకుమారి పోయే రాత్రి బళ్లు ఈ రెండు ఊళ్లనూ తాకుతాయి, కాచిగూడ నుంచి నాగర్‌కోయిల్ పోయే వారపు బండి కూడా ఈ దారినే. రాత్రి బండిలో పడుకున్న రాత్రికి లాడ్జి డబ్బు మిగులుతుంది. ఇది ప్రతి చవక ప్రయాణికుడికీ తెలిసిన పాత కిటుకే. బస్సులకొస్తే, 2021 మే నుంచి తమిళనాడు ప్రభుత్వ టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఈ సదుపాయం ఊరి చుట్టూ తిరిగే బస్సులకే, దూరపు మొఫసిల్ బస్సులకు కాదు. కాని తీరం మీది ఊళ్లు దగ్గర దగ్గర. టౌన్ బస్సుల్ని ఒకదానికొకటి అతుకుతూ, ఓపిక ఉంటే, ఒక మహిళ ఈ తీరంలో చాలా భాగం పైసా ఇవ్వకుండా చూడవచ్చు. ఈ ఏర్పాటు చేసింది పర్యాటకుల కోసం కాదు, మిల్లుకూ అగ్గిపెట్టెల షెడ్డుకూ పోయే కూలి ఆడవాళ్ల కోసం. చవక ప్రయాణం ఎక్కడైనా స్థానిక కూలివాళ్ల టికెట్టు మీదే నడుస్తుంది.

పడక సంగతి ఇంత సాఫీ కాదు. తిరుచెందూరులో దేవస్థానం గదులు, రామేశ్వరంలో మఠాలు, కులాల సత్రాలు, తెలుగువారి సత్రాలు, కన్యాకుమారిలో వివేకానంద కేంద్రం డార్మిటరీలు, స్టేషన్లలో రిటైరింగ్ రూములు: ఇవీ చవక బసలు. యువకుల హాస్టళ్ల సంస్కృతి, అంటే ఒక గదిలో ఎనిమిది మంచాలు, వంటింట్లో ఎవరి అన్నం వాళ్లు వండుకోవడం, ఈ తీరానికి ఇంకా రాలేదనే చెప్పాలి. సత్రం కుటుంబం కోసం కట్టింది. లాడ్జీల్లో చాలావరకు ఒంటరి మనిషికి గది ఇవ్వడానికి వెనకాడతారు, ఒంటరి ఆడమనిషికి మరీ. బస్సు ఉచితంగా ఎక్కించిన ఊరే గది దగ్గర నిలబెట్టి నాలుగు ప్రశ్నలు వేస్తుంది. పౌర్ణమికి, సూరసంహారం పండగకు, వారాంతాలకు గదులు దొరకవు. వేలమంది తిరుచెందూరు ఇసుకలోనే పడుకుంటారు. ఆ రాత్రులు అక్కడ ఇసుకలో పడుకోవడం దిక్కులేనితనం కాదు, ఆచారం. అదే గ్రీసులోనైతే అనుమతి ఉన్న శిబిరాల బయట గుడారం వేస్తే జరిమానా పడుతుంది. గది దొరకనివాళ్లకు మంచి ఉపాయం కోవిల్పట్టిలోనే మకాం పెట్టి రోజూ తీరానికి పోయి రావడం. యాత్రాస్థలం కాని ఊళ్లో గది ధర తిరునాళ్లకు పెరగదు.

ఆకు సంగతికి లోటు లేదు. తిరుచెందూరు గుడిలో 2022 సెప్టెంబరు నుంచి రోజంతా అన్నదానం. ఊరూరా ఇడ్లీ బండి, సాయంత్రం పరోటా. విరుదునగర్ పరోటా పెనం మీద కాల్చినది కాదు, నూనెలో మునిగి కరకరలాడేది. ఒకటి తింటే కడుపు నిండుతుంది, రెండు తింటే ప్రయాణం వాయిదా పడుతుంది. సంచీలో పెట్టుకోవడానికి కోవిల్పట్టి కడలై మిట్టాయి ఉంది. మన పల్లీపట్టే, బెల్లం పాకం పదును వేరు. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎండకు చెడదు, ఆకలి ఆపుతుంది, తీరయాత్రకు ఇంతకన్నా నమ్మకమైన తిండి లేదు. సాత్తూరు కారప్పూస కూడా అంతే. తూత్తుకుడి మాకరూన్ మాత్రం గుడ్డు తెల్లసొన, చక్కెర, జీడిపప్పుతో చేసిన గాలిబుడగ. సంచీలో పిండవుతుంది, ఉప్పుగాలికి మెత్తబడుతుంది, కొన్నచోటే తినేయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో చేపకూర ధర పెరుగుతుంది, అదే సమయంలో తాటిముంజలు వస్తాయి.

కాలం ఎంచుకోవడంలో పొరపాటు పడితే చవక అంతా పోతుంది. మార్చి దాటితే కరిసల్ నేల మీద ఎండ భరించలేం. ఆషాఢపు గాలికి మన్నార్ సముద్రం రేగుతుంది. కన్యాకుమారిలో వివేకానంద శిలకు పోయే పడవలు ఆపేస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనం. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో కాయల్పట్టణంలో ఒక్క రోజులో 95 సెంటీమీటర్ల వాన కురిసింది. తిరుచెందూరు నుంచి బయలుదేరిన చెందూర్ ఎక్స్‌ప్రెస్ శ్రీవైకుంఠం దగ్గర వందలమంది ప్రయాణికులతో నీళ్ల మధ్య చిక్కుకుపోయింది. జనవరి, ఫిబ్రవరి నెలలే అన్ని విధాలా అనుకూలం. పాదయాత్రల కాలం కూడా అదే కావడం యాదృచ్ఛికం కాదు. స్నానానికి ఊరివాళ్లు దిగే చోటే దిగాలి. ధనుష్కోటి కొన దగ్గర ప్రవాహాలు ప్రమాదం, సాయంత్రం దాటాక అటు పోనివ్వరు.

మిగిలింది ద్వీపాల సంగతి. మధ్యధరా ప్రయాణానికి ప్రాణం అదే. ఏథెన్స్ రేవు పిరేయస్‌లో సాయంత్రం పడవ డెక్కు టికెట్టు కొని, సంచీ తలకింద పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి క్రీట్. ద్వీపాల జనానికి ఆ పడవే బస్సు, అందుకే అది బీదవాడికీ అందుబాటులో ఉంటుంది. అక్కడ సముద్రం చవక, నేల ఖరీదు. మన్నార్‌లో తలకిందులు.

తూత్తుకుడికీ రామేశ్వరానికీ నడుమ 21 ద్వీపాలున్నాయి. మండపం వైపు ఏడు, కీళక్కరై వైపు ఏడు, వేంబారు వైపు మూడు, తూత్తుకుడి ఎదుట నాలుగు. కోవిల్పట్టికి దగ్గరవి చివరి రెండు గుంపులు. 1986లో వీటిని సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు, 1989లో 10,500 చదరపు కిలోమీటర్లు జీవావరణ మండలం అయింది. వీటి మీద కాపురాలు లేవు, అటవీశాఖ అనుమతి లేకుండా కాలు పెట్టకూడదు. ఈ కట్టడి వెనక కారణం ఉంది. దశాబ్దాలపాటు ద్వీపాల చుట్టూ పగడపు దిబ్బల్ని తవ్వి సున్నానికీ ఫ్యాక్టరీలకూ అమ్ముకున్నారు. అలను విరిచే దిబ్బ పోయాక ద్వీపం కోతకు లోనైంది. పూవరసన్‌పట్టి, విళంగుచల్లి రెండూ నీటిలో కలిశాయి. తూత్తుకుడి ఎదుటి వాన్ ద్వీపం కూడా అదే దారిన పోతుంటే 2015 నుంచి కాంక్రీటు దిమ్మెలు సముద్రం అడుగున దించి కృత్రిమ దిబ్బ కడుతున్నారు. 21 అని పుస్తకాల్లో రాస్తున్నా నీటిపైన లెక్క అంత లేదు. ఇలాంటి చోటుకు చవక పడవలు నడపమని అడగడం ఎవరికీ న్యాయం కాదు. రామేశ్వరం అంగళ్లలో గవ్వలతోపాటు పగడపు ముక్క ఎవరైనా అమ్మజూపితే ముట్టుకోకూడదు. పగడాలకు వన్యప్రాణి చట్టంలో పులితో సమానమైన రక్షణ.

మరి ద్వీపం చూడాలన్నవాడికి ఏమున్నాయి? తూత్తుకుడి రేవు పక్కన ముయల్ దీవు, అంటే కుందేలు దీవి, పేరుకే దీవి. రోడ్డు మీద పోవచ్చు, కానుం పొంగల్ రోజు ఊరంతా మూటగట్టిన అన్నంతో అక్కడే ఉంటుంది. పాంబన్ దగ్గర కుందుకాల్‌లో, 1897 జనవరి 26న వివేకానందుడు జాఫ్నా నుంచి వచ్చి దిగినచోట, అటవీశాఖ కురుసడై ద్వీపానికి పడవ నడుపుతోంది. పాక్ జలసంధి వైపు కారంకాడులో ఊరివాళ్లూ అటవీశాఖా కలిసి మడ అడవుల్లో పడవలు తిప్పుతారు. పాక్ జలసంధిలోనే ఇంకాస్త ఉత్తరాన సముద్రపు ఆవుల కోసం 2022లో ప్రత్యేక రక్షిత ప్రాంతం ఏర్పడింది. టికెట్టు డబ్బు ఊరికి చేరే ఈ పద్ధతి చవక ప్రయాణికుడికీ సముద్రానికీ ఇద్దరికీ పనికొచ్చేది. వేంబారు, వైప్పారు పల్లెల్లో ఇలాంటిదొకటి వస్తే కోవిల్పట్టివాళ్లు పాంబన్ దాకా పోనక్కరలేదు. కన్యాకుమారిలో శిలకూ తిరువళ్లువర్ విగ్రహానికీ పూంపుహార్ షిప్పింగ్ కార్పొరేషన్ పడవలున్నాయి. 2024 డిసెంబరు 30న రెంటి మధ్య గాజు వంతెన తెరిచారు. పడవది పావుగంట ప్రయాణం, పడవలో కూర్చున్నామన్న తృప్తి తప్ప సముద్రయానం కాదు. ఇక అసలైన ద్వీపం, జనం ఉండి, రాత్రి గడపగలిగి, తక్కువ డబ్బుతో చేరగలిగింది రామేశ్వరం ఒక్కటే. అక్కడికి పోయేది కూడా వంతెన మీదే.

ఈ తీరానికి తిరిగి చెప్పుకోదగ్గ సముద్రదారి ఒకటి తెరవాలని పదేపదే ప్రయత్నాలు జరిగాయి. 2011 జూన్‌లో తూత్తుకుడి నుంచి కొలంబోకు ప్రయాణికుల ఓడ మొదలై, ఎక్కేవాళ్లు చాలక ఆ ఏడాదే నవంబరులో ఆగిపోయింది. 2023 అక్టోబరులో నాగపట్టణం నుంచి శ్రీలంక కాంకేశన్‌తురైకి పడవ మొదలై, ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ నడిచింది. కాని నాగపట్టణం కోవిల్పట్టికి దగ్గరది కాదు. ఇక మధ్యధరా కోసం ఐరోపాకే పోవాలంటే షెంగెన్ వీసా రుసుమే 2024 జూన్ నుంచి 90 యూరోలు, టికెట్టు లెక్క వేరే. ఆ వీసా డబ్బుతో కోవిల్పట్టివాడు వంద రూపాయల లోపు టికెట్లతో ఈ తీరం అంతా చుట్టి, సత్రంలో పడుకుని, గుడి అన్నం తిని, మిగిలినదానితో ఇంటికి కడలై మిట్టాయి పట్టుకుపోగలడు. అర్ధరూపాయికి ఒకప్పుడు ఓడెక్కించిన తూత్తుకుడి రేవులో మాత్రం ఇవాళ ప్రయాణికుడికి ఏ ధరకూ కొలంబో టికెట్టు లేదు.